పచ్చ గడులు, ఖాళీ డబ్బాలు

రాజమండ్రిలో మా బట్టల కొట్టు పై అరల్లో ఉన్నవన్నీ ఖాళీ చీరల డబ్బాలే. కొట్టు నిండుగా కనబడాలి కదా! ఎవరైనా పైది తియ్యమంటే నాన్న తడుముకోకుండా, "అది ఆర్డరు మీద తెప్పించిందండీ" అనేవారు. ఆ విద్య నాకు బాగానే అబ్బింది.

కోడ్ దాచుకునే సైట్లో నాకొక ఖాతా ఉంది. అందులో ఏడాది పొడుగునా రోజుకో గడి. పని చేసిన రోజు గడి పచ్చబడుతుంది, ఎవరైనా చూడవచ్చు. నావి ఎక్కువగా తెల్లగానే ఉండేవి. నేను నిజంగా రాసింది మా స్టాకు లెక్క చూసే ప్రోగ్రాము ఒక్కటే. అందులోనే ఒక చుక్క పెట్టి, మర్నాడు తీసేసినట్టు పాత తేదీలు వేసే స్క్రిప్టు నడిపి తెల్ల గడుల్ని పచ్చగా చేశాను. అన్నీ నిండితే అనుమానం వస్తుందని అమావాస్యలు మాత్రం ఖాళీగా వదిలాను. ఆ రోజు మా కొట్టుకు సెలవు. ఎంత తెలివో!

ఈ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా రాకపోతే ఇక కొట్లోనే కూర్చోవాలని నాన్నతో ఒప్పందం. వీడియో ఇంటర్వ్యూకి కొట్టు మేడ మీద గదిలో కూర్చున్నాను. అవతల ఇంటర్వ్యూ చేసే కాకినాడ కంపెనీ ఆవిడ.

"నెలకోసారి ఖాళీ వస్తోంది, ఏంటండీ అది?"

"అమావాస్య మేడమ్. కొట్టుకి సెలవు."

"రోజంతా కొట్లో ఉంటా, సందు దొరికితే కోడ్ రాస్తా అన్నారు కదా ఇందాక?"

"అవునండీ."

"మరి సెలవు రోజే కదండీ మీకు తీరిక? సరిగ్గా ఆ రోజే ముట్టుకోరేంటి?"

ఓ ఖాళీ గడి మీద మౌస్ ఊరికే తిప్పాను.

"మీ స్క్రీను నాకు చూపిస్తూ ఓ పచ్చ గడి తెరవండి, చూద్దాం."

ఆర్డరు మీద తెప్పించిందండీ అని నోటిదాకా వచ్చింది. తెరిచాను. ఒక చుక్క. పక్కది తెరిచాను. ఆ చుక్క తీసేసి ఉంది.

"పోనీ, సగం గడులు కొట్టేసి చూడండి మేడమ్" అన్నాను. నోరు బేరం మానలేదు.

ఆవిడ నవ్వలేదు. "అన్నీ కొట్టేద్దామండీ. మీరు నిజంగా పని చేసిన రోజు ఒక్కటి చూపించండి, చాలు."

అలాంటి రోజులున్నాయి, ఒట్టు. వాటి మీదా, చుట్టూరా నేనే పచ్చరంగు పులిమాను. నొక్కాను: చుక్క. ఇంకోటి: చుక్క. నా రోజులేవో నాకే దొరకడం లేదు. ఆవిడ వాచీ చూసుకున్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను.

కింది నుంచి నాన్న కేక: "అయిపోయిందేంట్రా? బేరాలొచ్చాయి, దిగి రా!"