కెజియా ఢోలక్, ఎలీషా చెవులు

షామీర్‌పేట చర్చిలో ఒక ఆదివారం ఢోలక్‌కు నోరొచ్చి, నిండు ఆరాధనలో పాస్టరుగారిని తిట్టిపోసింది. సంఘమంతా విన్నది. సరే, మరీ తిట్టలేదు; "చాలు" అన్నదంతే. సంఘమంతా అంటే, మోత అందరూ విన్నారు గానీ మాట ఒక్క ఎలీషా తాతకే తెలిసింది. నోరొచ్చిందన్నది మాత్రం వెనక్కి తీసుకునేది లేదు.

ఆ ఢోలక్ వాయించేది కెజియా. వారమంతా మేడ్చల్‌లో కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని, వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు చదివిస్తుంది. ఇంటికెళ్ళాక డాబా మీది ఏరియల్ సరిచేసి, హామ్ రేడియో అనే సొంత వైర్‌లెస్ సెట్టులో ఊరూపేరూ తెలియని వాళ్ళతో కబుర్లు. ఉన్నది కింది తరగతి లైసెన్సు. పై తరగతికి మోర్స్ అనే తంతి భాషలో పరీక్ష గట్టెక్కాలి. చుక్కా గీతలు పంపడంలో రెండుసార్లూ పాసైంది, విని రాసుకోవడంలో రెండుసార్లూ తప్పింది. "ఇగ ఈసారి గూడ పోతే సెట్టు మూటగట్టి అటకెక్కిస్త," అని మొగుడు జాన్సన్ ముందు ఒట్టేసింది. పరీక్ష ఇంకో మూడు వారాలే.

ఇదిలా ఉండగా మేడ్చల్ హామ్ క్లబ్బులో రగడ మొదలైంది. దుండిగల్ వైపు కొత్త కాలనీలో ఉండే గోపాలరావుగారు, మోర్స్ పరీక్ష ఎత్తేయాలని ఢిల్లీకి పంపడానికి అర్జీ రాసి, సంతకాలు పోగుచేస్తున్నారు.

"కారు లైసెన్సుకి గుర్రపుస్వారీ పరీక్ష పెడతారటండీ ఎక్కడైనా?" అన్నారాయన.

"ఈత రానోడు షామీర్‌పేట చెరువుకు కాపలా ఉంటనన్నట్టుంది నీ ముచ్చట," అన్నాడు ఎలీషా తాత. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు, ముప్పై ఏళ్ళు తంతి ఆఫీసులో కట్టకట, కట్టకట కొట్టిన మనిషి. అర్జీ మీద మొదటి సంతకం ఎవరిదా అని చూస్తే, తన సంఘపు పిల్ల కెజియాదే! తాత ఆమెతో మాటలు మానేశాడు.

ఇక ఆ ఆదివారం. పాస్టరుగారికి పల్లవి మీద మమకారం ఎక్కువ. "ఇంకొక్కసారి!" అంటారు. ఆ ఒక్కసారి ఆరోసారి అవుతుండగా, పొద్దున్నుంచీ మోర్స్ సాధన చేసిన కెజియా చేతులు వాటంతటవే, త చుక్కగా, దిం గీతగా, ఇంగ్లీషు అక్షరాల్లో "చాలు" అని పలికాయి.

దిం త దిం త... త త త త... త దిం... త దిం త త... త త దిం.

వెనక బెంచీలో ఎవరో పకపకా నవ్వారు. కెజియా తలెత్తితే ఎలీషా తాత.

ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర ఆయన్ని పట్టుకుంది. "తాతా, నీ కాళ్ళు మొక్కుత. పాస్టరయ్యకు చెప్పకు."

"చెప్ప తియ్యి గని, మోర్స్ రాదన్నవు గదనే? గంత సాఫ్‌గ మా ఆఫీసుల గూడ ఎవ్వడు కొట్టలే."

"కొట్టుడొస్తది తాతా, వినుడే రాదు. ఒక్కో చుక్క కాయితం మీద గీస్కొని, లెక్కవెట్టి చూసేసరికి మూడక్షరాలు ఎల్లిపోతయి."

"ఢోలక్ కొట్టంగ దెబ్బలు లెక్కవెడ్తవా?"

"లేదు. చెయ్యే పోతది."

"మరి చెవుగూడ పోనియ్యి, పిచ్చి పిల్లా."

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం తాత ఇంటి వరండాలో పాఠం. పెన్సిల్ మొదటి రోజే లాక్కున్నాడు. ఆయన స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక మాట కొట్టాలి. ఆమె దాన్నే ఢోలక్ మీద తిరిగి పలికించి, ఆ తర్వాతే అదేమిటో చెప్పాలి. వారంలోగా చుక్కలు మాయమై వరసలు మిగిలాయి. "ఇగ గా సంతకం..." అని తాత నసిగినప్పుడల్లా ఆమె ఢోలక్ గట్టిగా వాయించేది.

పరీక్ష గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే పాత అలవాటుగా చుక్కలు లెక్కపెట్టబోయింది. మొదటి అక్షరం జారిపోయింది. కెజియా కళ్ళు మూసుకుని, ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద ఆనించింది. రెండోది చిక్కింది. మూడోది దానంతటదే వచ్చింది. కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి కాగితం నింపుతూ పోతోంది.

పాసైన కబురు తెలిసిన రోజు ఆమె వదిలిన ఊపిరికి కళ్ళద్దాల దుకాణంలో అక్షరాల పటం ఊగిందంటారు. జాన్సన్‌కు ఫోన్ చేసి ఒక్కటే మాట: "అటక మీద పాత బుట్టలే ఉండనియ్యి!"

తాతకు మిఠాయి పట్టుకెళ్ళింది. ఆయన నోట్లో లడ్డు ఉండగానే అడిగాడు: "ఇప్పుడన్న సంతకం కొట్టేస్తవా?"

"కొట్టెయ్య. నాకంటె ఢోలక్ ఉండె, నువ్వుంటివి. అందరికుంటరా తాతా?"

తాత లడ్డు పూర్తయ్యేదాకా ఆలోచించాడు. "ఉంచుకో తియ్యి. గని రేపట్నుంచి క్లబ్బుల నేర్చుకుంటమన్నోళ్ళకు నువ్వే నేర్పాలె." సరేనంది.

ఢోలక్ "చాలు" అన్ననాటి నుంచి పాస్టరుగారు పల్లవి మూడుసార్లతో ఆపేస్తున్నారు. ఎవరు చేరవేశారో తెలియదు. ఎవరైనా ఆ ఆదివారం సంగతి ఎత్తితే కెజియా కళ్ళద్దాలు తుడుస్తూ, తలెత్తకుండా చెబుతుంది:

"గట్లేం గాలే. గా దినం నాకు జొరమొచ్చి ఇంట్లనే పన్న. ఢోలక్ ముట్టనే ముట్టలే."