ఒకే వైపు తిరిగితే తప్పే తాళం

2023 ఆగస్టు. అరిజోనాలోని చాండ్లర్‌లో స్కూళ్లు జులైలోనే తెరుస్తారు కాబట్టి పిల్లలు అప్పటికే హోంవర్కుల్లో మునిగిపోయి ఉన్నారు. ఒక కమ్యూనిటీ సెంటర్ హాల్లో శనివారాలు హైస్కూల్ ఆడపిల్లలకు కూచిపూడి నేర్పుతూ, దానితోపాటే ఒక గర్ల్స్ గ్రూప్ నడిపేదాన్ని. సగం సమయం డ్యాన్స్, సగం సమయం మాటలు. నేను సైకాలజీ చదవలేదు. యువత మానసిక ఆరోగ్యం మీద వలంటీర్లకు ఇచ్చే శిక్షణ ఒకటి తీసుకున్నాను, అంతే. తాళం లెక్కలు కూడా పుస్తకాలు, రికార్డింగులు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. అందుకేనేమో, ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు లెక్క ఎక్కడ తప్పుతోందో వెతుకుతాను.

మేఘనకు అప్పుడు పదిహేనేళ్లు. డిసెంబరులో రంగప్రవేశం, అంటే బంధుమిత్రుల ముందు మొదటిసారి ఒక్కతే పూర్తి నృత్య ప్రదర్శన ఇవ్వడం. వాళ్లమ్మ సుజాత కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. హాలు బుక్ అయిపోయింది, ఆహ్వానాలు వెళ్లిపోయాయి.

మేఘన తాళం తప్పే పిల్ల కాదు. అలాంటిది తీర్మానాల్లో కాలు ఆలస్యంగా పడటం మొదలైంది. తీర్మానమంటే జతి, అంటే అడుగుల వరస, చివర మూడుసార్లు తిరిగొచ్చే ముగింపు. మతిమరుపైతే కొత్త అంశాల్లో తప్పాలి, కానీ ఎప్పుడో వచ్చిన పాత జతుల్లో కూడా తప్పుతోంది. అలసటైతే క్లాసు చివర్లో తప్పాలి, ఈమెకు మొదట్లోనే తప్పుతోంది. రెండు వారాలు జాగ్రత్తగా గమనించాను. ఎడమవైపు తిరిగినప్పుడు అడుగు శుభ్రంగా ఉంది. కుడివైపు తిరిగితేనే తడబాటు.

కుడి గోడ పక్కన పెద్దవాళ్లు కూర్చునే కుర్చీలు ఉండేవి. ఆ వారాల్లో అక్కడ కూర్చున్నది ఒక్కరే, గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన మేఘన అమ్మమ్మ, రాజ్యలక్ష్మి గారు. క్లాసు మొత్తం ఫోన్‌లో వీడియో తీసేవారు.

లెక్క సరిచూసుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. తర్వాతి శనివారం, "అమ్మా, ఏసీ గాలి అటు బాగా తగులుతుంది, అక్కడ కూర్చోండి" అని ఆవిడను ఎడమవైపుకి పంపాను. తడబాటు కూడా ఎడమకు మారింది.

మా గ్రూపులో ప్రతి క్లాసూ చెక్-ఇన్‌తో మొదలవుతుంది. చెక్-ఇన్ అంటే ఈరోజు ఎలా ఉన్నామో చెప్పుకోవడం. నోటితో అడిగితే "ఫైన్" తప్ప ఇంకో మాట రాదు. అందుకని ఒక్కో అమ్మాయి ఒక కదలికతో చూపించాలి, మిగతావాళ్లు అదే చేసి తిరిగి చూపించాలి. పెద్దవాళ్లను బయటికి పంపేస్తాం. ఆరోజు మేఘన రెండు చేతులూ పొట్టకు అడ్డంగా కట్టుకుని ముందుకు ముడుచుకుంది. వలయంలో ఉన్న పిల్లలందరూ అలాగే ముడుచుకున్నారు. వాళ్లను చూసి మేఘన ముఖం తిప్పేసుకుంది.

విరామంలో మేఘనను పక్కకు పిలిచాను. నలభై డిగ్రీల ఎండలో వచ్చి కూడా ప్రాక్టీస్ చీర మీద హుడీ తీయలేదు.

"వీడియో తీస్తుంటే ఇబ్బందిగా ఉందా?"

"వీడియో ఓకే ఆంటీ. అమ్మమ్మ ఫ్యామిలీ గ్రూప్‌లో పెడుతుంది. కార్‌లో కామెంట్స్ అన్నీ చదువుతుంది. లౌడ్‌గా."

"ఏమని రాస్తారు?"

"'బొద్దుగా ముద్దొస్తోంది.' 'కొంచెం తగ్గితే ఫొటోల్లో బాగుంటుంది.' అమ్మమ్మ అంటది, అందరికీ నువ్వంటే ఎంత ప్రేమో చూడు అని."

"లంచ్ తింటున్నావా?"

హుడీ చేతులు వేళ్లదాకా లాక్కుంది. "స్కూల్ స్టార్ట్ అయిన కాడి నుంచి... నో. డిన్నర్ కూడా, ప్లేట్‌లో అటు ఇటు మూవ్ చేస్తా. మమ్మీకి చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్."

మొదటి రోజే పిల్లలందరికీ ఒక నియమం చెప్తాను. ఇక్కడి మాట బయటికి పోదు, ఆరోగ్యానికి ముప్పున్న మాట తప్ప. అదే గుర్తుచేశాను. "చెప్పాలా వద్దా అన్నది ఇక నీ చేతిలో గానీ నా చేతిలో గానీ లేదమ్మా. ఎలా చెప్పాలన్నది మాత్రం నీ ఇష్టం. నువ్వు చెప్తావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా?"

"కలిసి."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. సుజాత అంతా విని, "ఈ వయసులో డైటింగ్ అందరూ చేస్తారక్కా. డిసెంబర్ అయిపోనీ, అప్పుడు చూద్దాం," అంది.

"సుజాతా, మీ ఫ్యాక్టరీలో వరసగా ఒకే తేడా వస్తుంటే ఏం చేస్తారు? ఆర్డర్ పూర్తయ్యాక చూస్తారా?"

"అదెట్లా కుదురుద్ది? లైన్ ఆపేస్తాం," అని, తన మాట తనకే వినపడ్డట్టు కూతురి వైపు చూసింది. తర్వాత మేఘన హుడీ చేయి పైకి లాగి, సన్నబడ్డ మణికట్టు పట్టుకుంది. ఇంకేమీ వాదించలేదు.

బాధపడింది అమ్మమ్మే. "ఏందమ్మా, నేనేదో పాపం చేసినట్టు మాట్లాడుతున్నారు? నా మనవరాలు ఆడుతుంటే నలుగురికీ చూపించుకోగూడదా?"

ఆవిడకు మేఘనే జవాబిచ్చింది, "అమ్మమ్మా, నువ్వు చూడు. నువ్వు చూస్తే నాకు ఇష్టం. కానీ నువ్వు ఫోన్‌నే చూస్తావ్, నన్ను చూడవ్."

పెద్దావిడ కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "మరి మీ పెద్ద మామయ్య వీడియో ఏదని అడిగితే?"

"ఫ్లైట్ టికెట్ కొనుక్కుని రమ్మను!"

అందరికంటే ముందు ఆవిడే నవ్వారు.

సోమవారం డాక్టరు పరీక్ష చేసి, తిండి సమస్యలు చూసే థెరపిస్ట్ దగ్గరికి రెఫరల్ ఇచ్చారు. రెఫరల్ అంటే ఇంకో నిపుణుడి దగ్గరికి పంపే సిఫారసు. తొందరగా తీసుకురావడం మంచిదైందని డాక్టరు అన్నారట. డిసెంబరు కార్యక్రమం రద్దయింది. డాక్టరు అనుమతించాక మేఘన క్లాసుకు తిరిగొచ్చింది, మొదట కూర్చుని చేతులతో అభినయం మాత్రమే. క్లాసులో ఫోన్లు నిషేధించాను. కొందరు తల్లిదండ్రులు సణిగారు, కొద్ది వారాల్లో అలవాటుపడ్డారు.

డ్యాన్స్‌తో జబ్బు నయం చేశానని నేనెక్కడా చెప్పను. నయం చేసింది థెరపిస్టు, ఆ ఇంటివాళ్లు భోజనాల బల్ల దగ్గర పట్టిన ఓపిక. కానీ మేఘన ఆ విషయం ఎవరికీ చెప్పుకోని రోజుల్లో కూడా ఆమె కాలు చెబుతూనే ఉంది. తాళం తప్పిన పిల్లను ఇంకోసారి చేయమనే ముందు, తప్పు ఎక్కడ పడుతోందో, అక్కడ ఎవరున్నారో చూడాలని ఈ కేసు నాకు నేర్పింది. అప్పటి నుంచి అదే పద్ధతి, దాని మీద నాకు పూర్తి నమ్మకం.

రంగప్రవేశం మరుసటి ఏడు జరిగింది, మేఘన తనే పెట్టుకున్న తేదీన. తెర లేవబోతుండగా గ్రీన్‌రూమ్‌లోకి వెళ్తే, పూర్తి మేకప్‌తో, గజ్జెలతో నిలబడి పేపర్ ప్లేట్‌లో పులిహోర తింటోంది.

సుజాత గోలపెడుతోంది. "లిప్‌స్టిక్ అంతా పోతోందే!"

"మళ్లీ వేద్దువులే మమ్మీ," అంది మేఘన నోటినిండా ముద్దతో. "నాకు ఆకలేస్తోంది."