కోళ్ళకు చుక్కల మందు

వకుళ తిరుపతిలో పుట్టి పెరిగింది. తండ్రి శఠగోపం గుడి ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. వాళ్ళింట్లో కోడిగుడ్డు మాట పైకి అనడం కూడా అలవాటు లేదు. అలాంటి పిల్ల శ్రీ సిటీలో ఉద్యోగానికి చేరి, అక్కడే పనిచేసే కిరణ్‌ను ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. తడ నుంచి పులికాట్ వైపు పోయే దారిలో కిరణ్ వాళ్ళ ఊరు. సేద్యం చేసుకునే కుటుంబం. ఇంటి ముందు వరి కయ్యలు, వెనక పెరట్లో పదమూడు కోళ్ళు.

కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్త చంద్రకాంతమ్మ ఒక అరలో కొత్త గిన్నెలు సర్ది చూపించింది.

"ఇవి నీవి పాపా. వీటిల్లో గుడ్డు గానీ కూర గానీ పడదు. మేం వండుకోవాలంటే పెరట్లో పొయ్యి ఉండాది."

ఎవరూ అడగకుండానే అన్న మాట అది. పుట్టింటివాళ్ళు ఫోనులో సరిగా మాట్లాడని రోజులవి. ఆ పూట వకుళ తల వంచుకుని, కళ్ళు తుడుచుకుంటూ అన్నం తింది.

అయినా కోళ్ళంటే ఆమెకు భయమే. బట్టలు ఆరేయడానికి పెరట్లోకి పోతే అవి కాళ్ళ చుట్టూ చేరేవి. సగం బట్టలు బకెట్లోనే ఉంచుకుని వెనక్కి వచ్చేసేది. రెండేళ్ళు అలాగే గడిచాయి.

కిందటేడు వానల్లో చంద్రకాంతమ్మ బావి దగ్గర పాచి మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. మామ మునస్వామి తెల్లారేసరికి కయ్యలో ఉంటాడు, కిరణ్‌వి రాత్రి షిఫ్టులు. కోళ్ళ పని వకుళ మీద పడింది. నూకలు చల్లడం తేలికే. పిల్లలున్న పెట్టను పట్టి గంప కింద పెట్టడమే కష్టమైంది. అత్త వసారాలో కూర్చుని చెప్పింది.

"రెక్కలు రెండూ కలిపి పట్టుకో. గట్టిగా వద్దు. దాని గుండె నీ చేతికి తెలస్తాది సూడు, నీకంటే దానికే ఎక్కువ భయం."

నిజంగానే అరచేతి కింద గుండె టకటకా కొట్టుకుంటోంది. ఆ పక్షి మీద జాలి కలిగింది వకుళకు. భయం సగం పోయింది.

నెల తిరక్కముందే పక్క వీధిలో తిరుమలమ్మ కోళ్ళు మెడలు వాల్చేశాయి. మూడు రోజుల్లో తొమ్మిది చచ్చిపోయాయి. కొక్కెర తెగులన్నారు. అది ఏటా వచ్చేదేనని, మిగిలినవే మనవని అత్త నిట్టూర్చింది. వకుళ మనసు ఒప్పలేదు. మర్నాడు షిఫ్టు అయ్యాక తడలో దిగి పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ పనిచేసే జయంతి ఆమెకు ఒక చిన్న మందు సీసా ఇచ్చింది. ఇంకా తెగులు సోకని కోడికి కంట్లో ఒక్క చుక్క వేస్తే మూడు నెలల దాకా చాలు. సీసా వంద కోళ్ళకు వస్తుంది. కానీ చల్లగా ఉంచాలి, దాంతో ఇచ్చిన నీళ్ళలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. వకుళ రొయ్యలు కొనేవాళ్ళ షెడ్డులో ఐసు ముక్కలు అడిగి తన ఫ్లాస్కులో పోసుకుంది. సీసాను వాటి మధ్య పెట్టుకుని ఆటో ఎక్కింది.

పొద్దు గుంకేవేళకు పదమూడింటికీ చుక్కలు వేయడం అయిపోయింది. మందు ఇంకా చాలా మిగిలింది. పారబోయడానికి చేతులు రాక వకుళ వీధిలోకి నడిచింది. గుడ్డు కూడా ముట్టని పిల్ల కోళ్ళకు మందేస్తానంటే జనం మొదట తటపటాయించారు. చంద్రకాంతమ్మ కట్టు కట్టిన చేత్తోనే వెనక వచ్చి నిలబడింది.

"మా కోళ్ళకు ఏసే వస్తా ఉండాది. పట్టుకోండి," అంది.

అంతే, ఒక్కో ఇంటివాళ్ళూ కోళ్ళను తెచ్చారు. చివరికి తిరుమలమ్మ ఇంట్లో మిగిలిన మూడింటికీ చుక్కలు పడ్డాయి.

ఆ తరువాత వకుళ వాళ్ళ నల్లపెట్ట ఒకటి పోయింది. తిరుమలమ్మది ఇంకొకటి పోయింది. మిగతా వీధిలో పోయినవి మూడో నాలుగో.

కొన్నాళ్ళకు తిరుమలమ్మ కొంగులో ఎనిమిది గుడ్లు పెట్టుకుని వచ్చింది. గుమ్మం దాకా వచ్చాక సంగతి గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకుంది. నువ్వు తినవు కదా తల్లీ, నాకు మతి లేదని వెనక్కి తిరగబోయింది. వకుళ ఎదురెళ్ళి రెండు చేతులూ చాపింది. అంతవరకూ ఆమె గుడ్డును ముట్టుకుని ఎరగదు.

"ఇవ్వక్కా. పొదిగిద్దాం. సగం పిల్లలు నీకే," అంది.

ఇరవై ఒక్క రోజులకు ఏడు పిల్లలు లేచాయి. వకుళ నాలుగు ఏరి గంపలో తీసుకెళ్ళి తిరుమలమ్మ పెరట్లో వదిలింది. తిరుమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ మనుషుల మధ్యకు రావడం తన అదృష్టమని వకుళ ఆ రోజు కిరణ్‌తో చెప్పింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి ఆమె ఐసు ఫ్లాస్కుతో ఆటో దిగుతుంది. ఆ సరికి వీధిలో ఆడవాళ్ళంతా కోళ్ళను చంకన పెట్టుకుని వాకిళ్ళలో నిలబడి ఉంటారు.