ఓ అక్షరం కాదు, సున్నా

2023 వేసవిలో తొరపాడిలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మీద ఇంకో అంతస్తు కడుతున్నారు. చిందరవందరగా ఉన్న రాతల్లోంచి పేర్లు, తేదీలు, నంబర్లు వేరుచేసి తీయడం నా పని. అందుకు వాడేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. 'పది అంకెలు వరసగా ఎక్కడున్నా పట్టి ఇవ్వు' అని కంప్యూటర్‌కు చెప్పే నమూనా అనుకోండి. మేం పొట్టిగా రెజెక్స్ అంటాం.

ఒక మధ్యాహ్నం పైన పనిచేస్తున్న మునెప్ప మేస్త్రి సిమెంటు చేతులతోనే దిగివచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మా పాపకు రేపు పొద్దున కాన్పు ఆపరేషను. గుడియాత్తం ఆస్పత్రిలో ఉండాది. ఓ నెగటివ్ రక్తం కావల్లంట, యాడా దొరకలా. ఈ ఫోన్లో రక్తం ఇచ్చేవాళ్ల గ్రూపు ఉండాది. నాకు చదవను రాదు. కొంచెం సీక్రం చూడమ్మా."

ఆ వాట్సాప్ గ్రూపులో చేరినవాళ్లు పేరు, రక్తం గ్రూపు, ఊరు, నంబరు పెట్టారు, ఒక్కొక్కరు ఒక్కో తీరులో. వాటి మధ్య గుడ్‌మార్నింగ్ పూలు, పండగ శుభాకాంక్షలు. చాట్ మొత్తం టెక్స్ట్ ఫైలుగా దించుకుని రెజెక్స్ రాశాను. O అక్షరం, దాని తర్వాత మైనస్ గుర్తో neg అనో ఉండాలి, ఆ వెనక పది అంకెలు.

ముగ్గురు దొరికారు. ఒకాయన పోయిన నెలే రక్తం ఇచ్చాడు, ఇప్పట్లో మళ్లీ ఇవ్వకూడదు. ఒకామె చెన్నైకి మారిపోయింది. మూడో నంబరు పనిచేయలేదు.

"అంతేనామ్మా?" అన్నాడు మునెప్ప.

అప్పుడు తోచింది. చిక్కినవి చూశాను సరే, చిక్కనివో? అన్ని రక్తం గ్రూపులకూ నమూనాలు రాసి, అంకెలుండీ దేనికీ చిక్కని మెసేజీలు చూపించమన్నాను. కాసిని వచ్చాయి. వాటిలో గుడియాత్తం దగ్గరి పరదరామి ఊరి నుంచి ఒకటి: 0 neg. అక్షరం కొట్టాల్సిన చోట సున్నా కొట్టాడు. మన కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. పైగా నంబరు మధ్యలో ఖాళీ వదిలాడు. O ఉన్న చోట [O0] అని మార్చాను, ఆ రెండింట్లో ఏదైనా సరే అని దానర్థం. అంకెల మధ్య ఖాళీలున్నా పర్వాలేదన్నాను. పేరూ నంబరూ టక్కున బయటపడ్డాయి. గోవిందు.

ఫోన్ చేసి సంగతి చెబితే ఆయన గొంతులో సంబరమే సంబరం.

"రెండేండ్లుగా ఆ గ్రూపులో ఉండా అమ్మా, ఒక్కరన్నా పిలవలా! నా రక్తం ఎవురికీ వద్దేమో అనుకొన్నా. బండి తీస్తా ఉండా, ఆస్పత్రి యాడుందో చెప్పు."

మునెప్ప నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "నాయనా, నువ్వు సల్లంగుండాల!"

సాయంత్రానికల్లా గోవిందు రక్తం ఇచ్చాడు. మర్నాడు ఆపరేషన్లో అది అవసరమే పడింది. తల్లీ, ఆడబిడ్డా క్షేమం. ఆదివారం బస్సెక్కి చూడ్డానికి వెళితే, గోవిందు నాకన్నా ముందే కమలాపళ్లతో వచ్చి కూర్చున్నాడు.

"అంత మందిలో నన్ను ఎట్లా పట్టినావమ్మా?"

"ఓ కొట్టాల్సిన చోట సున్నా కొట్టినారన్నా."

"అయ్యో, నేను సున్నానా!"

వార్డంతా నవ్వింది. మునెప్ప మనవరాలిని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. "సున్నా ఏంది నాయనా, ఇంక నువ్వు మా ఇంటోడివి."

ఆ రోజు నుంచి ఏ రెజెక్స్ రాసినా, దానికి దొరకని వరసలను ముందుగా చదువుతాను. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పుతున్నాను. మన నమూనాలో ఇమడలేదని ఏ రాతనూ చెత్త అనుకోకూడదు. అది రాసిన మనిషి తన నంబరు ఇచ్చి, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ ఉండొచ్చు.