ఒక్క మనిషి క్యూ

కొందరికి నీళ్ళు కనిపిస్తే కాళ్ళు తడుపుకోవాలనిపిస్తుంది. మావయ్యకి క్యూ కనిపిస్తే నిలబడాలనిపిస్తుంది. అది దేనికోసం, చివర్లో ఏమిస్తారు, ఇచ్చేది తనకి పనికొస్తుందా అన్న విచారణ ఏమీ ఉండదు. నలుగురు ఒకరి వీపు ఒకరు చూస్తూ నిలబడ్డారంటే ఐదో వీపు ఆయనదే. వృత్తికి లిఫ్టుల మెకానిక్. జనాన్ని పైకీ కిందికీ పంపించి పంపించి విసుగెత్తి, సెలవురోజున ఇలా అడ్డంగా నిలబడి తీర్చుకుంటున్నాడని అత్తయ్య సిద్ధాంతం.

ఓసారి బల్బు కొనుక్కొస్తానని వెళ్ళి పిల్లిపిల్లతో తిరిగొచ్చాడు.

"బల్బేదీ?" అంది అత్తయ్య.

"బల్బు షాపుకెళ్ళే దారిలో క్యూ ఉందే."

"మరిప్పుడు చీకట్లో కూర్చోమంటావా?"

"దీని కళ్ళు చీకట్లో వెలుగుతాయట. ఇచ్చినవాళ్ళే చెప్పారు."

మరోసారి ఇలాగే నిలబడి నిలబడి పాటల పోటీ ఎంపిక గదిలోకి వెళ్ళిపడ్డాడు. వచ్చాక పాడకపోతే బాగుండదని పాడాడు. పల్లవి అవకముందే న్యాయనిర్ణేత గబగబా మంచినీళ్ళు తెప్పించాడు. తాగింది మావయ్య కాదు, న్యాయనిర్ణేత.

అసలు ఆయన పెళ్ళే క్యూలో కుదిరింది. పళ్ళ డాక్టరు దగ్గర వెనకే అత్తయ్య, బుగ్గ ఇంత వాచి, కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది. "మీరు కానివ్వండి" అని దారిచ్చాడు. ఆమె పని అయ్యాక డాక్టరు "తర్వాత!" అన్నాడు. మావయ్య నోట్లో అన్నీ ముత్యాల్లాంటి పళ్ళు. అంతసేపు నిలబడి ఊరికే వెళ్ళిపోతే డాక్టరు నొచ్చుకుంటాడని ఒకటి పీకించుకున్నాడు. "ప్రాణాలిస్తామన్న మగాళ్ళు చాలామంది ఉంటారు. పన్ను ఇచ్చింది ఈయనొక్కడే" అని అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇంతటివాణ్ణి వెంటబెట్టుకుని కార్టూన్ అభిమానుల సమ్మేళనానికి వెళ్ళాల్సి రావడం మేనకోడలి ఖర్మ. ఒక్కతే వెళ్ళగలదు. జనమంటే భయం లేదు. అక్కడ అడగబోయే ప్రశ్నంటేనే భయం. తోడు రమ్మంటే మావయ్య ఒకే మాట అడిగాడు.

"క్యూలుంటాయా?"

"బోలెడు."

అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

మేనకోడలిది బొంగురు గొంతు. బళ్ళో పాటల టీచరు ఆ పిల్లని వెనక వరసలోకి నెట్టి, "నువ్వు పెదాలు కదుపు, చాలు" అనేది. ఇప్పుడు మందుల దుకాణంలో ఫోను ఆర్డర్లు తీసుకుంటోంది. అవతలివాళ్ళు "సార్, దగ్గుమందు ఉందా? ముందు మీరు కాస్త తాగండి సార్" అంటారు. ఆ గొంతు కూడా ముద్దుగా ఉండగలదని ఆమెకి చెప్పింది లోకంలో ఒక్కటే, టీవీలో వచ్చే కార్టూన్ పులిపిల్ల. అచ్చం ఆమెలాగే కంకర నములుతున్నట్టు మాట్లాడుతుంది. చిన్నప్పట్నుంచీ స్నానాలగదిలో తలుపేసుకుని ఆ పులిపిల్లలా మాట్లాడడం మేనకోడలి రహస్య వ్యసనం. పులిపిల్లకి గొంతిచ్చే నటి ఆరోజు సమ్మేళనానికి వస్తోంది. "ఇలాంటి గొంతుతో ఈ పనిలోకి రావచ్చా?" అని ఆవిణ్ణే అడగాలి. వద్దంటే ఇక ఆ ఆశని దగ్గుమందు సీసాల వెనక దాచేసి, ఫోనెత్తి "చెప్పండి" అనుకుంటూ బతకాలి.

హాలంతా తోకలే. అభిమానులు పులులుగా, కోతులుగా, రోబోలుగా వేషాలు కట్టుకొచ్చారు. మావయ్య అడుగుపెడుతూనే ఒక పులి తోక తొక్కాడు. పులి తోక తొక్కిన తాచులా లేచింది. గుమ్మం దగ్గర ఇద్దరి చేతులకీ ఊదారంగు పట్టీలు కట్టారు. రంగు పిలిచినప్పుడు ఆ రంగువాళ్ళు పులిపిల్ల నటి దగ్గరికి వెళ్ళాలి. చివరి మనిషి వెళ్ళగానే తాడు కట్టేస్తారు. తర్వాత బతిమాలినా లాభం లేదు.

"మావయ్యా, నా పక్కనుంచి కదలకు. ఊదా పిలిచారంటే పరుగే."

"అలాగేనమ్మా" అన్న మాట వినిపించింది. మనిషి మాత్రం కనిపించలేదు.

హాల్లో ఉన్న ప్రతి క్యూ చివరికీ వెళ్ళి వెతికింది. లేడు. విడ్డూరం. ఇన్ని క్యూలు పెట్టుకుని ఆ మనిషి ఎందులోనూ లేకపోవడమేమిటి? ఆఖరికి మరుగుదొడ్ల పక్క మూలలో దొరికాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక బల్లకి కాస్త దూరంలో, ఒక్కడే నిటారుగా నిలబడి ఉన్నాడు. బల్ల వెనక ఒక ముసలావిడ పెన్నులకి మూతలు పెట్టి సంచిలో వేసుకుంటోంది. ఆవిడ ముందు అట్టమీద రాసి ఉంది: 'గుంపు గొంతులు, ఏడుపులు, ఆవులింతలు, గాడిదలు (రెండు రకాలు)'.

"ఇక్కడేం చేస్తున్నావు మావయ్యా?"

"క్యూలో ఉన్నానమ్మా."

"క్యూ ఏదీ?"

"నేనే."

"ఒక్కడివి క్యూ ఎలా అవుతావు?"

"పుట్టినప్పుడు ఏ క్యూ అయినా ఇంతే ఉంటుంది."

"సరే, ముందెవరూ లేరుగా. గబగబా వెళ్ళి సంతకం తీసుకుని రా."

మావయ్య గొంతు తగ్గించాడు. "వెళితే అయిపోతుంది కదమ్మా. పొద్దుట్నుంచీ ఆవిడ దగ్గరికి ఒక్క పురుగు రాలేదు. వెళ్ళిపోవడానికి సర్దుకుంటోంది. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఎలా లేస్తుంది?"

ముసలావిడ నిజంగానే సంచి జిప్పు సగంలో ఆపి, ఈ మనిషి ముందుకూ రాడు, పక్కకూ పోడు, ఏమిటి సంగతి అన్నట్టు చూస్తోంది. ఈలోగా కప్ప వేషంలో ఉన్న ఒక లావుపాటాయన, మరుగుదొడ్డికని వెళ్తున్నవాడు, ఆగాడు.

"ఇది దేనికండీ క్యూ?"

"గొప్పావిడ. ఇలాంటివాళ్ళు మళ్ళీ దొరకరు" అన్నాడు మావయ్య. ఆవిడెవరో ఆయనకి బొత్తిగా తెలియదు.

"మరి మీరు వెళ్ళరే?"

"ఏమడగాలో ఆలోచించుకుంటున్నాను. మీరు కానివ్వండి."

కప్ప ముందుకెళ్ళి అట్ట చదివాడు. "గుంపు గొంతులంటే ఏ గుంపులండీ?"

"అన్నీ నాయనా. పులిపిల్ల చెరువులో పడ్డప్పుడు కప్పలన్నీ తిట్టిపోస్తాయి చూడూ..."

"ఆ కప్పలు మీరా!" కప్ప కెవ్వుమన్నాడు. "అమ్మా, నేనా కప్పనే! ఆ సీన్లో ఎడమ చివర ఆకుమీద కూర్చునేది! పొద్దుట్నుంచీ అందరూ నన్ను బీరకాయనుకుంటున్నారు!"

ముసలావిడ సంచి కింద పెట్టి ఒక్కసారి బెకబెకమంది. కప్ప తిరిగి బెకబెకమన్నాడు. ఆ చప్పుడుకి ఒక రోబో, ఇద్దరు కోతులు వచ్చి మావయ్య వెనక చేరారు. వాళ్ళని చూసి ఇంకొందరు. అందరినీ "కానివ్వండి, కానివ్వండి" అని పంపిస్తూ మావయ్య మాత్రం పాతిన గుంజలా అక్కడే ఉన్నాడు. క్యూ తోక మెలికలు తిరిగి తలుపుదాకా పాకింది.

అప్పుడు పైనుంచి మైకులో పిలుపు: "ఊదా పట్టీలవాళ్ళు రావాలి!"

"మావయ్యా, పద!"

"నువ్వు నడువమ్మా, ఈ కోతి అయిపోగానే వస్తాను."

మేనకోడలికి తిక్కరేగింది. ఇన్నేళ్ళు స్నానాలగదిలో దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మావయ్యా! వస్తావా రావా!"

హాలు హాలంతా ఆగిపోయింది. ఎక్కడో ఒక రోబో చేతిలోంచి ఏదో కిందపడింది. ముసలావిడ లేచి నిలబడింది.

"ఎవరిదా గొంతు?"

మేనకోడలికి కాళ్ళకింద నేల విచ్చుకుంటే దూరిపోదామనిపించింది. "క్షమించండమ్మా. కోపంలో..."

"క్షమాపణ ఎవరడిగారే పిల్లా? మళ్ళీ ఒకసారి అలాగే పిలువు."

పిలిచింది. ముసలావిడ కళ్ళు మూసుకుని, రుచి చూస్తున్నట్టు విన్నది.

"గుంపులో అందరివీ తేనె గొంతులైతే అది గుంపా, బృందగానమా? కోపమొచ్చిన జనంకోసం నేను ఊరంతా గాలిస్తున్నాను. నీ ఒక్కదానిలోనే పదిమందికి సరిపడా ఉంది. గురువారం స్టూడియోకి రా. ఇప్పుడే మాటివ్వను సుమా. మైకు చూడగానే నోరు పడిపోయే పులులని చాలామందిని చూశాను."

ఎక్కడికి రావాలో, ఎవర్ని అడగాలో చెప్పించుకునేసరికి మేనకోడలికి ఊదా పట్టీ సంగతి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే మావయ్య లేడు. పరుగెత్తింది.

పులిపిల్ల నటి బల్ల దగ్గర తాడు కట్టేయడానికి ఇద్దరు వాలంటీర్లు తాడు పట్టుకుని నిలబడ్డారు. కట్టలేకపోతున్నారు, ఎందుకంటే చివరి మనిషి ఇంకా వెళ్ళలేదు. చివరి మనిషి మావయ్య.

"మీ వంతేనండీ, వెళ్ళండి!" అంటోంది వాలంటీరమ్మాయి.

"ఫరవాలేదమ్మా, నువ్వూ సంతకం తీసుకోలేదు కదా? నువ్వు కానివ్వు."

"నేను ఇక్కడ పనిచేస్తున్నానండీ!"

"పనిచేసేవాళ్ళకి ముచ్చటలుండవా?"

ఆ అమ్మాయి సంతకం తీసుకునేసరికి మేనకోడలు రొప్పుతూ వచ్చి ఆయన ముందు నిలబడింది. పులిపిల్ల నటి నవ్వుతోంది.

"మీ మావయ్యగారు మీకోసం హాల్లో ఉన్న అందరినీ నా దగ్గరికి తోసేశారు. ఏదో అడగాలనుకున్నారట మీరు?"

నోటిదాకా వచ్చిన ప్రశ్నని మేనకోడలు మింగేసింది. దాని సమాధానం గురువారం తనే చెప్పుకోవాలి. బదులుగా ఇంకోటి అడిగింది. "మిమ్మల్ని కూడా బళ్ళో వెనక వరసలో నిలబెట్టి పెదాలు కదపమన్నారా?"

"వెనక వరసా? అంత అదృష్టం కూడానా!" అంది నటి, పులిపిల్ల గొంతుతోనే. "గది బయట నిలబెట్టేవారు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేనకోడలికి అనుమానమొచ్చింది.

"మావయ్యా, ఆ పళ్ళ డాక్టరు దగ్గర అత్తయ్య నీ వెనకుంది. మరి నీ ముందెవరున్నారు?"

మావయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "కొత్తగా బోర్డు పెట్టాడు పాపం. తలుపు తెరుచుకుని, తెల్లకోటు వేసుకుని, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు."

"మరి పిల్లిపిల్ల దగ్గర?"

"దానికి ఒక చెవి లేదుగా. అందరూ పక్కదాన్ని చూసి వెళ్ళిపోతున్నారు."

ఆయన క్యూల్లో చేరే మనిషని ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. వాటిలో ఎన్ని ఆయన మొదలుపెట్టినవో ఎవరూ అడగలేదు. మేనకోడలు తన సీట్లోంచి లేచింది. కిటికీ పక్క సీటు ఆయనకే వదిలేసింది.

గురువారం స్టూడియోలో ఆమె నోరు నిజంగానే పడిపోయింది. మొదటిసారి గాలి వచ్చింది, గొంతు రాలేదు. రెండోసారి గాలి కూడా రాలేదు. ముసలావిడ అద్దం అవతల నుంచి, "మీ మావయ్య మళ్ళీ ఎక్కడో నిలబడిపోయాడనుకో" అంది. అంతే. శబ్దం కొలిచే మీటరు సూది ఎగిరి అంచుకి కొట్టుకుంది. రికార్డిస్టు చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకున్నాడు. ముసలావిడ చేతులు కట్టుకుని, "వచ్చే గురువారం కూడా రా" అంది.

ఆ రెండో గురువారం తీయాల్సింది అడవిలో కరువు సీను. గింజల కొట్టు ముందు జంతువులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ "తప్పుకో! ముందు నాకు!" అని అరవాలి. గుంపువాళ్ళలో ఒకతను జలుబు చేసి రాలేదు. బయట బల్లమీద కూర్చున్న మావయ్యని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టారు.

అందరూ అరిచారు. "తప్పుకో! ముందు నాకు!" మేనకోడలు అడవిని చీల్చేసింది. ఆ రభస మధ్యలో స్పష్టంగా ఒక గొంతు: "ఫరవాలేదండీ, మీరు కానివ్వండి."

మళ్ళీ తీశారు. మళ్ళీ అదే. "అలా అనకూడదండీ, తోసెయ్యాలి!" అని రికార్డిస్టు తల బాదుకున్నాడు. మావయ్య తలూపాడు, చేతులు బిగించాడు, పళ్ళు కొరికాడు. "తప్పుకో..." అన్నాడు గట్టిగా. అని వెంటనే, "మీరు కాదండీ, నేను తప్పుకుంటాను" అన్నాడు.

రికార్డిస్టు విసిగిపోయి, ఈ ఒక్క గొంతూ తీసేస్తానని మీటమీద చెయ్యి వేశాడు. ముసలావిడ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉంచవయ్యా. అంత పెద్ద అడవిలో ఒక్క మర్యాదస్థుడైనా ఉండడా?"