‘ఆఁ’ అన్నందుకు

అమ్మకు చెవులు సరిగా వినపడేవి కావు. ఏం అడిగినా ముందు ‘ఆఁ?’ అనేది. ఏమన్నావు అని దాని అర్థం. పాల్మాకులలో మా వీధి మొత్తానికి ఆ సంగతి తెలుసు.

గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి రక్తం గడ్డ కట్టకుండా రోజూ సాయంత్రం ఒక మాత్ర వేసుకునేది. మోతాదు సరిపోతోందో లేదో చూడటానికి నెలకోసారి శంషాబాద్‌లోని ఒక ల్యాబులో రక్తపరీక్ష. నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆ రోజు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. విమానం చప్పుడులో మాట వినపడక రోడ్డు అవతలి దాకా నడిచాను. లోపల అదే పరీక్షకు ఇద్దరే మిగిలారు: అమ్మ, మరొకామె. రక్తం తీసే అమ్మాయి ఆ మరొకామె పేరు చదివి, నువ్వేనా అని అమ్మను అడిగింది. అమ్మ ‘ఆఁ?’ అంది. అవునందనుకుని ఆ అమ్మాయి సూది గుచ్చి, గొట్టానికి ఆ పేరే అంటించింది. ఇక ఒక పేరు చీటీ, ఒక మనిషి మిగిలారు కాబట్టి పక్కామెను పేరు అడగకుండానే కూర్చోబెట్టింది. ఆమె రక్తానికి అమ్మ పేరు పడింది.

మా చేతికొచ్చిన రిపోర్టు ప్రకారం మందు చాలడం లేదు. డాక్టరు మోతాదు పెంచారు. పెంచిన మాత్ర రోజూ నేనే అమ్మ చేతిలో పెట్టాను. వారం తిరగకముందే మోచేతి మీద నల్లటి మచ్చలు.

"ఏందిరా, చెయ్యి గిట్లయింది? నిద్రల కొడుతున్నవా నన్ను?" అని నవ్వింది.

"యాడనో తాకి ఉంటది తియ్యమ్మా," అన్నాను.

తర్వాత నాలుగు రోజులకు మెదడులో రక్తస్రావమైంది. దవాఖానలో రెండు రోజులు బతికింది.

దినాలయ్యాక, రక్తం మరీ పలచబడిందన్న దవాఖాన కాగితం పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"రెండుసార్లు అడిగిన అన్నా. రెండుసార్లు ఆఁ అన్నది," అని ఏడ్చింది.

రెండుసార్లు వినపడలేదన్నమాట.

మేనేజరు కోస్తా నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడినవాడు. "కూర్చోండి సార్. ఇప్పుడు పేరు మేం చదవడం లేదండీ, పేషెంటు చేతే చెప్పిస్తున్నాం," అంటూ గోడ మీది కొత్త కాగితం చూపించాడు. తర్వాత పొరపాట్లు రాసే రిజిస్టరు తెరిచాడు. ఆ రెండో ఆమెను చూసే డాక్టరు అనుమానించి మళ్లీ పరీక్ష చేయించాడట. గొట్టం మారిందని వీళ్లకు మూడో రోజుకే తెలుసు. ఆమెకు సరైన రిపోర్టు ఇచ్చి ఊరుకున్నారు. ఆమె పేరు అంటించిన గొట్టంలో ఉన్న రక్తం ఎవరిదని ఎవరూ వెతకలేదు. అప్పటికి అమ్మ పెంచిన మాత్రలు రెండే వేసుకుంది.

‘రోగికి హాని’ అన్న గడిలో ‘లేదు’ అని ఉంది.

"అది కొట్టేయండి," అన్నాను.

"మూసేసిన ఎంట్రీ దిద్దకూడదండీ. మీరే కొత్తగా ఫిర్యాదు రాసివ్వండి. కాస్త చూసి రాయండి సార్, పైవాళ్లు చదువుతారు."

చూసే రాశాను. ఫిర్యాదు ఫారంలో హాని అన్న గడి వేలెడంత ఉంది. ‘చనిపోయింది’ అన్న మాట అందులో పట్టింది.