నాయినమ్మ మలీద

నా చిన్నప్పుడు మూతికి గుడ్డ కట్టుకోకుండా గడప దాటనిచ్చేవాళ్లు కాదు. కరోనా రోజులవి. సూరత్‌లో, భేస్తాన్ దగ్గర మా గల్లీ నిండా కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. బతుకమ్మ పాట ఎత్తుకోవాలంటే మా నాయినమ్మే ఎత్తుకోవాలి. ఆమె గొంతంటే గల్లీకంతా గర్వం, ఆమెకైతే ఇంకాస్త ఎక్కువే!

మా నాయన పుట్టకముందు నాయినమ్మ పీర్లకు మొక్కుకుందట. అందుకే సూరత్ వచ్చినా ఏటా పీర్ల పండుగకు ఊదు వేసి, రొట్టెలూ బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పంచేది. అందరూ కళ్లకద్దుకుని తినేవాళ్లు. ఆ ఏడు మాత్రం, రోగాన్ని తెచ్చింది సాయబులేనని ఫోన్లలో పుకారు పుట్టింది. గల్లీ పెద్దమనిషి మా వాకిట్లో నిలబడి, "పెద్దమ్మా, ఈసారి పీర్లకు మలీద చేసినవంటే మా ఆడోళ్లు నీతోని బతుకమ్మ ఆడరు" అన్నాడు.

నాయినమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "రోగానికి మతమేందిరా? గా ఫోన్లు సూసి నా మొక్కు తప్పాల్నా? ఆడకుంటే మానుండ్రి!" అని గల్లీ అంతా వినేటట్టు అరిచింది. మలీద చేసింది. ఒక్కరూ ముట్టలేదు.

అన్నట్టే చేశారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా గల్లీ అవతలి కొసన ఆడుకుంటున్నారు. నాయినమ్మ మా వాకిట్లోనే బతుకమ్మను పెట్టి, నన్ను పక్కన నిలబెట్టుకుని పాట ఎత్తుకుంది. పాట అందుకునేవాళ్లు లేక కాసేపటికే ఆపేసింది. నాకు ఏడుపొచ్చింది. "జర తప్పయిందని చెప్పరాదే నాయినమ్మా, అందరూ వస్తరు" అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం తప్పు చేసిన్నని? అన్న మాట నాది, దానికొచ్చిన బాధ గూడ నాదే. నువ్వు చప్పట్లు కొట్టు బిడ్డా" అంది.

మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు పక్కింటి కిటికీ లోపల నుంచి మా పాటకు ఎవరో చప్పట్లు కలిపారు. పక్కింటి అక్క! భర్తకు భయపడి బయటికి రాలేకపోయింది గానీ, పాట అయ్యాక కిటికీలోంచి చెయ్యి చాపింది. పీర్లకు చేస్తే ముట్టలేదు గానీ, ఆ పూట బతుకమ్మకు నైవేద్యంగా గల్లీలో అందరూ చేసిందీ ఆ మలీదే కదా. నాయినమ్మ తన మలీద ముద్ద ఆ చేతిలో పెట్టి, ఎన్నాళ్లకో నవ్వింది.

ఇప్పుడు నాకు ఆమె వయసొచ్చింది. నలుగురికీ నచ్చని మాట అనే ముందు, ఒంటరిగా ఆడగలవా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. అట్లా ఒంటరైనవాళ్లు కనబడితే మాత్రం ఏ ప్రశ్నా వేసుకోను. కిటికీ దగ్గర ఆగకుండా వాకిట్లోకే వెళ్లి చప్పట్లు కలుపుతాను.